చెవికి చదువు చెప్పిన రాతలు: రాక్ సంగీత విమర్శపై ఒక సమీక్ష

1967 జూన్ 18న న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ రాసిన సమీక్ష ఒకటి అచ్చయింది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు నిండలేదు. బీటిల్స్ కొత్త ఆల్బమ్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అమెరికా బజారులోకి వచ్చి మూడు వారాలైనా కాలేదు. లోకమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటోంది. గోల్డ్‌స్టీన్ మాత్రం ఒప్పుకోలేదు. స్టూడియో హంగులు శ్రుతి మించాయనీ, ఆ తళుకుల కింద పాట పలచబడిందనీ రాశాడు. చివరి పాట ‘ఎ డే ఇన్ ద లైఫ్’ను మాత్రం మనసారా మెచ్చుకున్నాడు. పాఠకులు మండిపడ్డారు, తోటి విమర్శకులు ఏకిపారేశారు. మరుసటి నెలలో విలేజ్ వాయిస్ పత్రికలో అతను తన వాదనను మళ్లీ వివరించుకోవలసి వచ్చింది.

తీర్పు సంగతి చూస్తే గోల్డ్‌స్టీన్ ఓడిపోయాడు. ఆ ఆల్బమ్ ఇవాళ ఇరవయ్యో శతాబ్దపు సంగీత చరిత్రలో ఒక మైలురాయి. అయినా ఆ సమీక్ష గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. అతను లేవనెత్తిన ప్రశ్నకు కాలం చెల్లలేదు. స్టూడియోలో పొరలు పొరలుగా పేర్చిన ధ్వనుల మధ్య పాడే మనిషి ఇంకా వినిపిస్తున్నాడా? తొమ్మిదేళ్ల తర్వాత లండన్, న్యూయార్క్ నగరాల్లో పంక్ కుర్రాళ్లు చవక గిటార్లు పట్టుకుని వేదికలెక్కినప్పుడు అడిగిందీ దాదాపు ఇదే.

రాక్ విమర్శ అరవై ఏళ్ల చరిత్రను తిరగేస్తే ఇలాంటి ఉదాహరణలు అడుగడుగునా తగులుతాయి. అందులో తీర్పులు ఎన్నో తప్పాయి. పక్షపాతాలు పేరుకున్నాయి. డబ్బు, స్నేహం, అహంకారం వేలు పెట్టాయి. వాటన్నిటినీ దాటుకుని కొన్ని రాతలు నిలిచాయి. అవి మంచి చెడ్డలు తేల్చినందుకు నిలవలేదు, వినడం నేర్పినందుకు నిలిచాయి. రాక్ విమర్శను కొలవడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన గీటురాయి కనిపించలేదు. సమీక్ష చదివాక ఆ రికార్డులో ఇంతకుముందు వినపడనిది ఏదైనా వినపడిందా? వినపడితే విమర్శకుడి తీర్పు తలకిందులైనా ఆ రాత పని చేసినట్టే.

పునాది వేసినవాళ్లు

1960ల తొలి సగంలో రాక్ గురించి రాసేవాళ్లు లేకపోలేదు. అయితే వ్యాపార పత్రికలకు అమ్మకాల అంకెలు కావాలి, పిల్లల పత్రికలకు గాయకుల ఇష్టాయిష్టాలు కావాలి. పెద్ద పత్రికల సంగీత విమర్శకులు ఎప్పుడైనా ఇటు చూస్తే, చేతిలో ఉన్న పాత కొలబద్దతోనే చూశారు. లండన్ టైమ్స్‌లో శాస్త్రీయ సంగీత విమర్శకుడు విలియం మాన్ 1963 డిసెంబరులో బీటిల్స్ గురించి గౌరవంగా రాశాడు. వాళ్ల పాట ఒకటి ముగిసే తీరును శాస్త్ర పరిభాషలో ‘అయోలియన్ కేడెన్స్’ అన్నాడు. అదేమిటో పాట కట్టిన జాన్ లెనన్‌కే తెలియదు. ఏవో వింత పక్షుల పేరులా ఉందని తర్వాత ఎన్నోసార్లు నవ్వుకున్నాడు. మాన్ చెప్పింది తప్పేమీ కాదు. అయితే ఆ పాట విని కుర్రకారు ఎందుకు ఊగిపోతున్నారో ఆ మాట చెప్పలేకపోయింది.

ఆ లోటు తీర్చడానికి ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులే. ఫిలడెల్ఫియా దగ్గర స్వార్త్‌మోర్ కాలేజీలో చదువుతున్న పాల్ విలియమ్స్ 1966 ఫిబ్రవరిలో, పదిహేడేళ్ల వయసులో, ‘క్రాడాడీ’ అనే పత్రికను సైక్లోస్టయిల్ ప్రతులుగా మొదలుపెట్టాడు. రాక్‌ను ఆలోచించదగ్గ కళగా తీసుకున్న తొలి అమెరికన్ పత్రిక అదే. అదే ఏడాది గోల్డ్‌స్టీన్ విలేజ్ వాయిస్‌లో ‘పాప్ ఐ’ శీర్షిక మొదలుపెట్టాడు. 1967 నవంబరు 9 తేదీతో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ‘రోలింగ్ స్టోన్’ తొలి సంచిక వచ్చింది. స్థాపకులిద్దరు. యాన్ వెన్నర్‌కు ఇరవై ఒక్కేళ్లు. రెండోవాడు రాల్ఫ్ గ్లీసన్, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో ఏళ్ల తరబడి జాజ్ గురించి రాస్తూ వచ్చిన అనుభవజ్ఞుడు.

సరిగ్గా అప్పుడే ఎందుకు? సంగీతమే మారిపోయింది గనుక. అంతవరకు రాక్ అంటే మూడు నిమిషాల సింగిల్. 1965, 1966 సంవత్సరాల్లో బాబ్ డిలన్, బీటిల్స్, బీచ్ బాయ్స్ పొడుగు రికార్డును ఒకే రచనగా మలచడం మొదలుపెట్టారు. ఒక్కో వైపు ఇరవై నిమిషాల చొప్పున రెండు వైపులా నడిచే ఆల్బమ్‌కు ఆరంభం, మలుపు, ముగింపు ఏర్పడ్డాయి. అట్ట మీది బొమ్మ కూడా అర్థంలో భాగమైంది. అలాంటి వస్తువు చేతికి వచ్చాక దాన్ని చదివి చెప్పేవాళ్ల అవసరం పుట్టింది.

రికార్డును వినడం ఎలా

రాక్ విమర్శకు మొదటి నుంచీ ఒక చిక్కుంది. ఈ సంగీతానికి మూలప్రతి కాగితం మీది స్వరలిపి కాదు, రికార్డే. స్వరాలు రాసుకుంటే పాట మెట్టు తెలుస్తుంది గానీ ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్లిఫయర్‌లో చిట్లి గరగరలాడే తీరు అందులో ఉండదు. 1971 నాటి లెడ్ జెప్పెలిన్ పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ తీసుకోండి. ఆ పాటలో డ్రమ్ముల మోతకు అంత బరువు రావడానికి జాన్ బోన్‌హమ్ చేతి బలం ఒక్కటే కారణం కాదు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో ఎత్తయిన మెట్ల హాలు అడుగున డ్రమ్ములు పెట్టి, మైకులను పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గోడల ప్రతిధ్వని పాటలో సగం. గది, మైకు, టేపు, మిక్సింగ్ బల్ల అన్నీ వాద్యాలే అయినప్పుడు విమర్శకుడి చెవి వాటన్నిటి మీదా ఉండాలి. విన్నదాన్ని సంగీత పాఠం చదవని మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. తన ఒంటికీ మనసుకూ అది ఏం చేసిందో దాచకుండా చెప్పాలి.

ఈ పనిని తొలి తరంలో నలుగురు నాలుగు దారుల్లో చేశారు. తర్వాత వచ్చినవాళ్లంతా ఎంతో కొంత ఆ దారుల్లోనే నడిచారు.

గ్రీల్ మార్కస్‌ది చరిత్ర దారి. బర్కిలీలో అమెరికన్ సమాజాన్నీ రాజకీయ చింతననూ చదువుకున్న అతను 1975లో ‘మిస్టరీ ట్రెయిన్’ పుస్తకం రాశాడు. రాబర్ట్ జాన్సన్, ద బ్యాండ్, స్లై స్టోన్, రాండీ న్యూమన్, ఎల్విస్ ప్రెస్లీ లాంటివాళ్ల పాటల్లో అమెరికా తన గురించి తాను చెప్పుకునే కథలను వెతికాడు. మెల్విల్ నవల పక్కన ఎల్విస్ రికార్డును పెట్టడానికి జంకలేదు. ఈ దారిలో పాట పెద్దదవుతుంది, దాని వెనక ఒక దేశం కనిపిస్తుంది. ప్రతి గిటార్ మోతలోనూ జాతి భవితవ్యం వినేయాలన్న ఆత్రుతే దీనికున్న ప్రమాదం. మార్కస్‌ను అనుకరించిన చాలామంది ఆ గుంటలోనే పడ్డారు.

రాబర్ట్ క్రిస్‌గౌది కొలత దారి. 1969లో విలేజ్ వాయిస్‌లో ‘కన్స్యూమర్ గైడ్’ ప్రారంభించాడు. ఒక్కో ఆల్బమ్‌కు ఒక చిన్న పేరా, చివర పరీక్ష పేపరు మీద వేసినట్టు ఒక గ్రేడు. నెలకు వచ్చే రికార్డులు బోలెడు, పాఠకుడి జేబులో డబ్బు కొంచెం. ఏది కొనాలో నిజాయితీగా చెప్పడమూ విమర్శే అని అతని నమ్మకం. గ్రేడును చూసి అతన్ని తేలికగా తీసుకున్నవాళ్లు ఆ పేరాలను చదవలేదు. నాలుగు వాక్యాల్లో లయ గురించి, మాట గురించి, గాయకుడి ధోరణి గురించి మూడు వాదనలు ఇమిడ్చేవాడు. 1970లలో దేశవ్యాప్తంగా విమర్శకుల ఓట్లతో ‘పాజ్ అండ్ జాప్’ అనే వార్షిక ఎంపికను నిలబెట్టాడు. ఏటా వచ్చే ఆ జాబితా కంటే దాంతో పాటు అతను రాసే సుదీర్ఘ వ్యాసమే ఎక్కువ విలువైనది. ఆ ఏడాది సంగీతం ఎటు కదిలిందో అందులో కనిపించేది.

లెస్టర్ బ్యాంగ్స్‌ది ఆవేశం దారి. కాలిఫోర్నియాలోని ఎల్ కహోన్‌లో పెరిగి, చెప్పుల దుకాణంలో పని చేస్తూ సమీక్షలు రాసి పంపేవాడు. 1969లో రోలింగ్ స్టోన్‌లో వచ్చిన అతని తొలి సమీక్ష డెట్రాయిట్ బృందం ఎంసీ5 ఆల్బమ్ మీద. అంతా ఉత్త ప్రచారార్భాటమని దుమ్మెత్తిపోశాడు. కొన్నాళ్లకు అదే రికార్డు అతన్ని పట్టుకుంది, తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత డెట్రాయిట్‌కే మకాం మార్చి అక్కడి ‘క్రీమ్’ పత్రికకు ప్రాణం పోశాడు. అతని వాక్యాలు పరుగెత్తుతాయి, తడబడతాయి, మధ్యలో తమతో తామే పోట్లాడుకుంటాయి. ఇదంతా ఒళ్లు తెలియని రాత అనుకుంటే పొరపాటు. వాన్ మారిసన్ ఆల్బమ్ ‘ఆస్ట్రల్ వీక్స్’ మీద 1979లో అచ్చయిన అతని వ్యాసం చదివితే ఆ అదుపు ఎంతటిదో తెలుస్తుంది. ఒక గాయకుడు ఒకే మాటను మళ్లీ మళ్లీ ఎందుకు పలుకుతాడో, ఆ పలకడంలో ఎదుటి మనిషి బాధ ఎలా భరించరానిదవుతుందో ఆ వ్యాసం పట్టి చూపిస్తుంది. బ్యాంగ్స్ 1982లో ముప్పై మూడేళ్లకే చనిపోయాడు. అతని తాగుబోతు వేషాన్ని అనుకరించినవాళ్లు వందల మంది. ఆ జాలిగుండెను అందుకున్నవాళ్లు తక్కువ.

ఎలెన్ విల్లిస్‌ది కోరిక దారి. 1968లో న్యూయార్కర్ పత్రికకు తొలి పాప్ సంగీత విమర్శకురాలై 1975 దాకా రాసింది. ఆమె స్త్రీవాద ఉద్యమ కార్యకర్త, రోలింగ్ స్టోన్స్ బృందం అంటే ప్రాణం పెట్టే శ్రోత. ఆ రెండింటి మధ్య రాపిడిని ఆమె ఎక్కడా కప్పిపుచ్చలేదు. ఆడవాళ్లను కించపరిచే పాట కూడా తెగించి తన కోరికను తాను చాటుకునే తీరుతో తనలో తెగువ రేపుతోందనీ, మంచి మాటలు మెత్తగా పాడే పాట తనను నీరుగారుస్తోందనీ 1977లో రాసింది. పాటలోని మాటలకూ పాట చేసే పనికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత తేటగా చూపించిన వ్యాసం ఈ రంగంలో మరొకటి లేదు. నలుగురిలోనూ అందరికంటే ఆలస్యంగా గుర్తింపు పొందిందీ ఆమే. ఆమె రాక్ వ్యాసాలు పుస్తకంగా వచ్చింది 2011లో, ఆమె పోయిన ఐదేళ్లకు.

తప్పిన తీర్పులు

ఈ విమర్శకులు ఎంత పదునుగా రాసినా కాలం వాళ్ల తీర్పులను కొట్టేసిన సందర్భాలు తక్కువేం కాదు. 1969 మార్చిలో లెడ్ జెప్పెలిన్ తొలి ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్‌లో జాన్ మెండెల్సన్ పెదవి విరిచి పక్కన పెట్టాడు. జెఫ్ బెక్ బృందం అప్పటికే చేసినదానికి ఇది కొత్తగా చేర్చిందేమీ లేదన్నాడు. కోట్లాది శ్రోతలు ఆ మాట వినలేదు. బృందం ఏళ్ల తరబడి ఆ పత్రికకు మొహం చాటేసింది. 1975లో పదిహేడేళ్ల కామెరన్ క్రోతో మాట్లాడి మెత్తబడేదాకా ఆ ఎడం అలాగే ఉంది.

దీనికి పక్కనే 1968లో జాన్ లాండౌ క్రీమ్ అనే రాక్ బృందంపై రాసిన సమీక్షను పెట్టి చూడాలి. ఆ బృందపు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఎంత నేర్పుగా వాయించినా బ్లూస్‌లో అరిగిపోయిన పలుకుబళ్లనే తిప్పి తిప్పి పలికిస్తున్నాడని లాండౌ రాశాడు. ఆ మాట తనను కుదిపేసిందని క్లాప్టన్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఏడాది చివరికి బృందం విడిపోయింది. ఈ రెండు సమీక్షలూ కటువైనవే. మెండెల్సన్ రాత తన చిరాకును చెప్పింది. లాండౌ రాత వాయిద్యం లోపలికి వెళ్లి ఫలానా చోట ఫలానా లోటు ఉందని వేలు పెట్టి చూపించింది. దాన్ని కళాకారుడే కాదనలేకపోయాడు.

2003లో లిజ్ ఫెయిర్ ఆల్బమ్‌కు ‘పిచ్‌ఫోర్క్’ పత్రిక పదికి సున్నా వేసింది. చిన్న కంపెనీ గాయనిగా పేరు తెచ్చుకుని ఇప్పుడు రేడియోకు నచ్చే పాటలు పాడిందన్నదే ఆ సమీక్ష లోపలి కోపం. రాసిన మ్యాట్ లెమే 2019లో ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆమె తన దారిన తాను ఏం చేయబోయిందో వినకుండా, ఆమె ఎలా ఉండాలో తానే నిర్ణయించుకుని తీర్పిచ్చిన సంగతి ఒప్పుకున్నాడు. 2021లో ఆ పత్రిక తన పాత అంకెలు కొన్నిటిని దిద్దినప్పుడు ఈ సున్నా కూడా మారింది. అంకె మారింది గానీ, 2003లో ఆ సున్నా ఒక గాయని దారిని ఎంత ఇరుకు చేసిందో ఏ దిద్దుబాటుకూ అందదు.

డబ్బు, దగ్గరితనం, నిజం

రాక్ విమర్శకుడి బల్ల మీదికి రికార్డులు ఉచితంగా వస్తాయి. కచేరీ టికెట్లు, విమాన ఖర్చులు, గాయకుడితో గంట ముచ్చట, అన్నీ కంపెనీ చేతిలోనే ఉంటాయి. పత్రికకు ప్రకటనలిచ్చేదీ అదే కంపెనీ. ఈ వలలో ఉండి నిజం రాయడం తేలిక పని కాదు.

1974లో లాండౌ బాస్టన్‌లోని ‘రియల్ పేపర్’లో ఒక వ్యాసం రాశాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌లో రాక్ సంగీతపు భవిష్యత్తును చూశానన్నాడు. రికార్డు కంపెనీ ఆ ఒక్క మాటను ప్రకటనలకెక్కించింది. మరుసటి ఏడాదికల్లా లాండౌ ‘బోర్న్ టు రన్’ ఆల్బమ్‌కు సహ నిర్మాత, ఆ తర్వాత స్ప్రింగ్‌స్టీన్ మేనేజర్. ఇందులో మోసమేమీ లేదు. మనసారా నమ్మి రాశాడు, ఆ నమ్మకం నిజమైంది కూడా. కానీ అటు దాటినవాడు విమర్శకుడిగా తిరిగి రాలేడు.

మరో రాక్ రచయిత నిక్ కోన్ కథ వేరు. 1976లో న్యూయార్క్ పత్రికలో బ్రూక్లిన్ కుర్రాళ్ల డిస్కో రాత్రుల గురించి నిజ వృత్తాంతమంటూ రాశాడు. ‘సాటర్డే నైట్ ఫీవర్’ సినిమా దాని నుంచే పుట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత తన కథానాయకుడు కల్పితమని అతనే ఒప్పుకున్నాడు. రాక్ రాతల్లో శైలికి దక్కిన స్వేచ్ఛ వాస్తవాన్ని మింగేసిన సందర్భం ఇది.

మంచి మాదిరి కూడా ఉంది. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీ జరిగింది. మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి యువకుడు వేదిక ముందే హత్యకు గురయ్యాడు. గ్లీసన్ పట్టుబట్టడంతో రోలింగ్ స్టోన్ పత్రిక పలువురు రచయితలను రంగంలోకి దింపి, నిర్వాహకులనూ బృందాన్నీ బాధ్యులుగా నిలబెడుతూ ప్రత్యేక సంచిక వేసింది. తాను ఆరాధించే కళాకారుల గురించే ఆ పత్రిక కఠినమైన నిజం రాసింది.

పాతికేళ్లు గడిచాయి. 1996లో హూటీ అండ్ ద బ్లోఫిష్ బృందం ఆల్బమ్‌పై జిమ్ డిరోగాటిస్ రాసిన ప్రతికూల సమీక్షను అదే రోలింగ్ స్టోన్ ఆపేసింది. ఆ సంగతి బయట మాట్లాడినందుకు అతని ఉద్యోగం పోయింది. అతను షికాగో సన్-టైమ్స్‌లో చేరాడు. 2000 డిసెంబరులో తోటి విలేఖరితో కలిసి గాయకుడు ఆర్. కెల్లీ మైనర్ బాలికలపై సాగిస్తున్న అకృత్యాలను వెలికితీశాడు. తర్వాత రెండు దశాబ్దాలు ఆ బాధితుల మాట వింటూనే ఉన్నాడు. 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కెల్లీని దోషిగా తేల్చింది. ఈ డిరోగాటిస్ హైస్కూలు విద్యార్థిగా, బ్యాంగ్స్ చనిపోవడానికి రెండు వారాల ముందు ఆయనను ఇంటర్వ్యూ చేసినవాడు, తర్వాత ఆయన జీవిత చరిత్ర రాసినవాడు. బ్యాంగ్స్ వారసత్వాన్ని అనుకరించకుండా అందుకున్నవాడు ఎవరైనా ఉంటే అతనే. పాటను వినే చెవితోనే పాట వల్ల నలిగినవాళ్ల గొంతూ విన్నాడు.

ఎవరి చెవి కొలమానం

రాక్‌కు పునాది వేసినవాళ్లు నల్లజాతి కళాకారులు. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, వాళ్లకంటే ముందే చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ జోడించిన సిస్టర్ రోజెటా థార్ప్. విమర్శ రాసినవాళ్లేమో ఎక్కువమంది తెల్లజాతి యువకులు. 1960ల చివరికల్లా రాక్ అనగానే నలుగురు తెల్ల కుర్రాళ్లు, రెండు గిటార్లు అన్న బొమ్మ స్థిరపడింది. గిటార్ లేని సంగీతం, నాట్యానికి పనికొచ్చే సంగీతం, ఆడపిల్లలు ఇష్టపడే సంగీతం తేలికపాటివైపోయాయి.

ఈ చూపు ఎక్కడికి దారితీస్తుందో 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో కనిపించింది. ఒక రేడియో జాకీ పిలుపు మీద వేల మంది డిస్కో రికార్డులు తెచ్చి పేల్చివేతలో పాల్గొన్నారు. అది ఉత్త సరదా కాదనీ, డిస్కోను నల్లవాళ్లదిగా, స్వలింగ ప్రియులదిగా చూసే ద్వేషం అందులో ఉందనీ విమర్శకుడు డేవ్ మార్ష్ అప్పట్లోనే రాశాడు. అదే ఏడాది బ్యాంగ్స్ విలేజ్ వాయిస్‌లో న్యూయార్క్ పంక్ లోకపు జాతి వివక్ష మీద వ్యాసం రాశాడు. అందులో తన పాత రాతల్లోని దురుసు మాటలనూ వదిలిపెట్టలేదు. 1980లలో గ్రెగ్ టేట్ వచ్చాడు. జాజ్, ఫంక్, హిప్‌హాప్, రాక్‌లను ఒకే కుటుంబంగా వింటూ, నల్లజాతి వీధి నుడికారాన్నీ విశ్వవిద్యాలయ సిద్ధాంతాన్నీ ఒకే వాక్యంలో పలికించాడు. 1985లో ‘బ్లాక్ రాక్ కోయలిషన్’ సంస్థ స్థాపకుల్లో ఒకడై, ఆ సంగీతం మీద తన జాతి హక్కును మళ్లీ చాటాడు.

బ్రిటన్‌లో మెలోడీ మేకర్, ఎన్‌ఎంఈ, సౌండ్స్ అనే మూడు వారపత్రికలు పోటాపోటీగా నడిచిన కాలంలో ఈ గోడలకు కొన్ని బీటలు పడ్డాయి. కరోలిన్ కూన్ పంక్‌ను పుట్టిన చోటే గుర్తుపట్టింది. వివియన్ గోల్డ్‌మన్ రెగెకూ పంక్‌కూ మధ్య వంతెన వేసింది. 1976లో ఎన్‌ఎంఈ కుర్ర రచయితలు కావాలని ప్రకటిస్తే పదిహేడేళ్ల జూలీ బర్చిల్ ఎంపికైంది. వారం వారం కొత్త నాయకుణ్ని కిరీటం పెట్టి కూర్చోబెట్టి, మరు నెలలో దింపేయడం ఆ పత్రికల జబ్బు. అయినా పల్లెటూరి కుర్రాడికి తన ఊరి బయట ఒక లోకముందని తెలిసింది వాటి వల్లే.

2004 అక్టోబరులో కెలెఫా సానె న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంతో ఈ తగువు బహిరంగమైంది. సొంతంగా పాట కట్టి గిటార్ వాయించేవాడే నిజమైన కళాకారుడనీ, స్టూడియో మెరుగులతో నాట్యం చేస్తూ పాడే గాయని నకిలీ అనీ అనుకునే దృష్టికి బ్రిటిష్ పత్రికల్లో అప్పటికే రాకిజమ్ అన్న పేరుంది. ఆ దృష్టి వెనక ఎవరి అభిరుచి దాగి ఉందో సానె నిలదీశాడు. 2007లో కెనడా విమర్శకుడు కార్ల్ విల్సన్ మరో అడుగు వేశాడు. తాను భరించలేని సెలీన్ డియాన్ ఆల్బమ్ మీదే ఒక పుస్తకం రాశాడు. ఆమెను ప్రాణంగా ప్రేమించే శ్రోతలతో మాట్లాడి, తన అయిష్టంలో ఎంత సంగీతముందో, ఎంత కులీనత్వముందో విడమరచి చూసుకున్నాడు. అభిరుచి గురించి ఇంత నిజాయితీగల పుస్తకం మరే కళారంగంలోనైనా అరుదు.

పాత పక్షపాతం అంతరించిందని అనుకోవద్దు. 2023లో రోలింగ్ స్టోన్ స్థాపకుడు వెన్నర్ తాను ఎంచిన మహానుభావుల ఇంటర్వ్యూల పుస్తకం తెచ్చాడు. ఏడుగురూ తెల్లజాతి మగవాళ్లే. కారణం అడిగితే, నల్లజాతి కళాకారులూ స్త్రీలూ తగినంత ఆలోచనతో మాట్లాడలేరన్న ధ్వనితో జవాబిచ్చాడు. తాను స్థాపించడంలో పాలుపంచుకున్న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు అతన్ని తొలగించింది. తర్వాత క్షమాపణ చెప్పినా, రాక్ చరిత్రను ఇంతకాలం ఏ చెవితో విన్నారో ఆ ఒక్క జవాబు బయటపెట్టింది.

అంకెలు, ఆ తర్వాత

1990ల మధ్యలో మినియాపొలిస్‌లో ర్యాన్ ష్రైబర్ మొదలుపెట్టిన పిచ్‌ఫోర్క్ తర్వాతి తరానికి రోలింగ్ స్టోన్ అయింది. 10కి దశాంశంతో సహా మార్కు వేయడం దాని ముద్ర. 2000లో రేడియోహెడ్ ‘కిడ్ ఎ’కు 10 వేసినప్పుడు, 2004లో ఆర్కేడ్ ఫైర్ ‘ఫ్యూనరల్’కు 9.7 వేసినప్పుడు ఆ అంకెలే వార్తలయ్యాయి. చిన్న బృందాల దశ రాత్రికి రాత్రే తిరిగేది. 2004లోనే ట్రావిస్ మారిసన్ ఆల్బమ్‌కు పడిన సున్నా అతని కెరీర్‌ను నేలకు దించింది. క్రిస్‌గౌ గ్రేడు వెనక పేరా ఉండేది. ఇక్కడ అంకె ముందు నడిచింది, పేరాను చాలామంది చదవనేలేదు.

ఈలోగా కొనుగోలుదారు మాయమయ్యాడు. ఫోనులో కోట్ల పాటలు క్షణంలో దొరుకుతున్నప్పుడు ఏది కొనాలో చెప్పే మనిషి ఎందుకు? పత్రికల ఆదాయం కూలింది. 2006లో క్రిస్‌గౌను విలేజ్ వాయిస్ తొలగించింది. 2018లో ఆ పత్రికే మూతపడింది. అదే ఏడాది ఎన్‌ఎంఈ అచ్చు సంచిక ఆగింది. 2015లో పిచ్‌ఫోర్క్‌ను కొన్న కాండే నాస్ట్ సంస్థ 2024 జనవరిలో దాన్ని మగవాళ్ల ఫ్యాషన్ పత్రిక జీక్యూ కింద కలిపేసి, ఎంతోమంది రచయితలను ఇంటికి పంపింది.

ఇంకో వైపు నుంచి అభిమానుల సేనలు వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌పై పేస్ట్ పత్రిక ప్రతికూల సమీక్ష వేస్తూ రచయిత పేరు ప్రకటించలేదు. అంతకుముందు ఆమె ఆల్బమ్‌ను సమీక్షించిన రచయితకు హింస బెదిరింపులు రావడమే కారణమని చెప్పింది. అందరి అభిరుచినీ గౌరవించాలన్న మంచి ఆలోచన, పెద్ద తారను ఎవరూ ఏమీ అనకూడదన్న నిషేధంగా మారడం నేటి ప్రమాదం. సానె, విల్సన్ కోరింది ఇది కాదు. తక్కువ చూపు చూసినవాటిని శ్రద్ధగా వినమన్నారు. శ్రద్ధగా విన్నాక నచ్చకపోతే ఆ సంగతి చెప్పడం కూడా గౌరవమే.

మనకేం సంబంధం

భారతదేశంలో ఈ రాతల గాలి సోకకపోలేదు. కలకత్తాలో డెస్మండ్ డాయిగ్ సంపాదకత్వంలో 1967 నుంచి పదేళ్లు నడిచిన ‘జూనియర్ స్టేట్స్‌మన్’ ఒక తరం నగర యువతకు రాక్‌ను పరిచయం చేసింది. 1993లో అలహాబాదు నుంచి అమిత్ సైగల్ తెచ్చిన ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ దేశంలోని కాలేజీ బృందాలకు వేదికైంది. 2008లో రోలింగ్ స్టోన్ భారతీయ సంచిక వచ్చింది. ఇవన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

తెలుగులో పాట గురించి రాయడమంటే ఎక్కువగా సాహిత్యం గురించి రాయడమే. కవి ఎంచుకున్న పదం గురించి పేజీలు రాస్తాం. అదే పాటలో ఏ వాద్యం ఎక్కడ తప్పుకుని గొంతుకు చోటిచ్చిందో, రికార్డింగులో ఏ మార్పు పాటకు ఆ వాతావరణం తెచ్చిందో రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవాళ్లు. వి.ఎ.కె. రంగారావు లాంటివారు గ్రామఫోన్ రికార్డునే ఆధారంగా పట్టుకుని, జీవితకాలమంతా చెవి ఒగ్గి రాశారు. ఆ దారి విశాలం కావలసి ఉంది. రాక్ విమర్శ నుంచి తెలుగు రచయితలు తీసుకోవలసింది ఆ భాషా కాదు, ఆ దూకుడూ కాదు. రికార్డు మొత్తాన్నీ వినే అలవాటు, విన్నదాన్ని సామాన్య పాఠకుడికి చేరవేసే బాధ్యత.

కొనుగోలు సలహాదారుగా విమర్శకుడి పని అయిపోయింది. అయిపోవడమే మంచిది. అంకె వేయడం యంత్రానికి చేతనవును, తర్వాత ఏ పాట వినాలో సూచించడమూ దానికి చేతనవును. ఒక పాట ఒక మనిషిని ఎక్కడ తాకిందో, ఎందుకు తాకిందో, ఎవరి గొంతు అణిగితే ఆ పాట పైకి లేచిందో చెప్పడం మాత్రం వినే మనిషి చేయవలసిన పని. అందుకే రాక్ విమర్శను చదివేవాళ్లు ఇక మీదట ‘ఈ ఆల్బమ్ బాగుందా?’ అన్న ప్రశ్నకు జవాబు వెతకడం మానేయాలి. ‘ఈ రచయిత నిజంగా విన్నాడా? విన్నదానికి జవాబుదారీగా తన పేరు పెట్టి నిలబడ్డాడా?’ అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకూ అవునని చెప్పగల సమీక్షకు పత్రికలు చోటివ్వాలి, పాఠకులు డబ్బివ్వాలి, అభిమానులు ఓర్పుతో చదవాలి. ఈ మూడూ కుదిరిన చోట విమర్శ బతుకుతుంది. దాంతో పాటే సంగీతాన్ని శ్రద్ధగా వినే అలవాటూ బతుకుతుంది.